రాతిపొడిలో రంగు

పేతురు మైనపుగుడ్డ మీద రాతిపొడిని కుప్పపోసి, రేకుముక్కతో నాలుగు పాళ్లు చేశాడు. ఎదురెదురు పాళ్లు రెండు ఉంచి, తక్కిన రెండు పారబోశాడు. ఉంచింది మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చేశాడు. చివరికి పిడికెడు మిగలాలి. బస్తా మొత్తానికి ఆ పిడికెడే సాక్ష్యం.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ రేకుల షెడ్డుకు రాయచూరు వైపు పాత గనుల చుట్టుపక్కల నుంచి రాళ్లు వచ్చేవి. బంగారం, వెండి ఇంకా ఉన్నాయేమోనని వెతుకులాట. దంచి, జల్లించి, పరీక్షకు పంపడం పేతురు పని. రాగానే పెళ్లి ఉంగరం తీసి గూట్లో పెట్టేవాడు. అది రవ్వంత అరిగి పొడిలో కలిసినా, లేని బంగారం ఉన్నట్టు తేలుతుంది. ఇన్నేళ్లలో రాతిలోని బంగారాన్ని అతను కళ్లారా చూడలేదు.

భార్య ఎస్తేరమ్మ దగ్గుతో చిక్కి సగమైంది. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పొద్దున కూడా అడిగింది.

"రాయిల బంగారం ఎట్లుంటది? దంచి దంచి చేతులు కాయలుగాసినయి గని, నీ కండ్లకేం దొరకలె. ఇయ్యాలన్న చూసి చెప్పు."

బయట ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. బస్సుల్లేవు. గుంటూరు నుంచి వచ్చిన అధికారి సాంబమూర్తి సామాను సర్దుకుంటున్నాడు. రేపటి నుంచి షెడ్డు మూత. పేతురు ఇక ఆగలేక, రాతిలోని బంగారాన్ని ఒక్కసారి చూపించమని అతన్ని అడిగేశాడు.

"ఇన్నాళ్లూ నోరు విప్పలేదేమయ్యా?" అన్నాడు సాంబమూర్తి.

"బంగారం సూడాల్నంటే దొంగ అనుకుంటరని, సార్."

సాంబమూర్తి కట్టిన పెట్టె విప్పి వెడల్పాటి పళ్లెం తీశాడు. పొడిని నీళ్లలో తిప్పుతూ, తేలిన ఇసుకను వంచేశాడు. అడుగున నల్లటి మట్టి, దాని అంచున వెంట్రుకంత గీత. అంగడి బంగారంలా లేదు, పాలిపోయి ఉంది. వెండి కలిసి ఉంటే అంతేనని సాంబమూర్తి చెప్పాడు.

"గింత దానికేనా సార్, అన్ని గుట్టలు తవ్వింది?"

"ఇంతకేనయ్యా."

సరూర్‌నగర్ దాకా నడుస్తూ పేతురు ఆ రంగుకు మాట వెతికాడు. పసుపు అంటే అబద్ధం. తంగేడుపువ్వు అంటే ఎక్కువ. గుడిసె కనబడుతుండగా దొరికింది.

గుమ్మంలో పొరుగింటి రాములమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

"నీళ్లడిగింది పేతురన్నా. నేను తెచ్చేలోపే..."

పేతురు లోపలికి వెళ్లి చాప పక్కన కూర్చున్నాడు. ఎస్తేరమ్మ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎండిన జొన్నచొప్ప రంగుంది, ఎస్తేరూ," అన్నాడు మెల్లగా.

గోడవార చేటలో సగం బియ్యం బాగుచేసి ఉన్నాయి. అంచున, ఆమె ఏరిపెట్టిన రాళ్లు చిన్న కుప్పగా ఉన్నాయి.