టిఫినా, భోజనమా

గవరయ్యకు ఇంటి దగ్గర భార్య పున్నమ్మ చెప్పి పంపిన మాట ఒక్కటే. "సమ్మందం ఖాయం అవకుండా ఆళ్ళతో అన్నం ముట్టకు. టీ తాగు, టిఫిన్ తిను. అన్నం తిన్నావంటే పిల్లనిచ్చీసినట్టే మరి." కీళ్ళనొప్పులతో తను రాలేకపోయింది గానీ, కలకత్తా వాట్‌గంజ్‌లో బస్సెక్కింది మొదలు ఆవిడ గొంతు ఆయన చెవిలోనే ఉంది.

భవానీపూర్‌లో ఆ హోటలు ముందు ఆదివారం జనం పెళ్ళిపందిట్లోలా కిటకిటలాడుతున్నారు. డబ్బిచ్చి తినే తిండికి వరసలో నిలబడటం గవరయ్యకు నామోషీ అనిపించింది. పైగా ఇక్కడికి రమ్మన్నది పెళ్ళికొడుకు తల్లి లలితాంబ. బ్యాంకులో పెద్ద ఆఫీసరు. రేవులో క్రేను నడిపి రిటైరైన తనలాంటివాడి గడప తొక్కడం ఇష్టంలేకే పెళ్ళిమాటలు హోటల్లో పెట్టిందని ఆయన ముందే తీర్మానించేసుకున్నాడు. కూతురు రమాకుమారీ, ఆవిడ కొడుకు లలితూ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు కాబట్టి వచ్చాడు గానీ, లేకపోతే ఇటువైపు చూసేవాడే కాదు.

నలుగురూ లోపల కూర్చున్నాక, పూరీల్లాంటి లూచీలు, బంగాళాదుంపల ఆలూదమ్, గుడ్లు, కోడికూర, గిన్నెడు బాసుమతి అన్నం, అన్నీ ఒక్కసారే బల్లమీదికొచ్చాయి. గవరయ్య కంగారుపడ్డాడు.

"ఏటి బాబూ ఇది? టిఫినా, భోజనమా?"

"రెండూ కలిపి అంకుల్. బ్రంచ్ అంటారు," అన్నాడు లలిత్.

రెండూ కలిపిన తిండి ఒకటుంటుందని పున్నమ్మకు తెలియదు పాపం. గవరయ్య కాసేపు ఆలోచించి, లూచీ వరకూ టిఫినే అని తేల్చుకున్నాడు. అన్నం గిన్నెను ఎందుకైనా మంచిదని దూరంగా జరిపాడు. కోడికూర నోరూరిస్తున్నా చెయ్యి చాపలేదు.

అప్పుడు చూశాడు, లలితాంబ పళ్ళెం ఖాళీగా ఉంది. ఎదురుగా ఇన్ని ఉంటే ఆవిడ టీ తాగుతూ కూర్చుంది. గవరయ్యకు ఒళ్ళు మండిపోయింది. తనని చులకన చేస్తే సరే, పడతాడు. రేపు పిల్లని కూడా ఇలాగే ఎడంగా కూర్చోబెడితే?

"ఏటమ్మా, మాతో కూకుని తినడానికి మనసొప్పట్లేదేటి? మొహమాటపడకుండా చెప్పీండి. నా పిల్లని నేను తీసుకుపోతాను," అన్నాడు.

"నాన్నా!" అంది రమాకుమారి.

లలితాంబ కప్పు కింద పెట్టేసింది. "అయ్యో, అదేం మాట అన్నయ్యగారూ! సంబంధం కుదరకుండా పిల్ల తరఫువాళ్ళతో భోజనం చేసే అలవాటు మాకు లేదండీ. మీ ఇంటికొస్తే వదినగారు తినకుండా పంపరు, తినకపోతే నొచ్చుకుంటారు. అందుకే హోటల్లో అనుకున్నాను. తీరా చూస్తే ఇది టిఫినో భోజనమో నాకూ అర్థం కాలేదు. మీరేమో అన్నం గిన్నె అటు నెట్టేశారు. మావాడు మీకు నచ్చలేదని ఇందాకటి నుంచీ నా ప్రాణం కొట్టుకుపోతోంది."

లలిత్ ముఖం ఎర్రబడింది. లలితాంబ ఖాళీ పళ్ళేన్ని ముందుకు జరుపుకుంది.

"ఇప్పుడు మీరే చెప్పండి. తినమంటారా?"

గవరయ్యకు కోపంగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఈవిడ పొగరుబోతు అయ్యుంటే కూతుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ బస్సెక్కేసేవాడు. వీధిలోకి అడుగుపెట్టినప్పటి నుంచీ తను తప్పులు వెతుకుతున్నది అందుకేనని ఆయనకిప్పుడు తెలిసొచ్చింది. ఇక వెతకడానికేమీ మిగల్లేదు. పిల్లనివ్వాలి.

"ఏటమ్మా, వడ్డించీమంటావా?" అన్నాడు కూతురి వైపు తిరిగి.

రమాకుమారి తలెత్తలేదు. అన్నం గిన్నెను రెండు చేతులతో తండ్రి ముందుకు జరిపింది.