అప్పన్న మాట

పెళ్ళయిన నాటి నుంచి దేవుడమ్మ మొగుడి పేరు పలికి ఎరగదు. పలకడం అటుంచి, ఆ పేరుకు దగ్గరగా వచ్చే మాటను కూడా నోట రానిచ్చేది కాదు. పక్కింట్లో బియ్యం కావలసి వస్తే చేబదులు అడిగేది గాని అప్పు అడిగేది కాదు. సింహాచలం కొండ మీది దేవుడికి కూడా ఆమె దగ్గర మినహాయింపు లేదు. ఆయనదీ తన మొగుడిదీ ఒకే పేరు గనక కొండసామి అని సరిపెట్టేది. ఆ మొగుడి పేరు అప్పన్న. ఆడది మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆమెకు తల్లి చెప్పింది, ఆ తల్లికి ఆమె తల్లి చెప్పింది.

సముద్రం దాటి మలయా వచ్చినా ఆ భయం అక్కడి ఒడ్డున ఆగిపోలేదు, వీళ్ళతోపాటే ఓడెక్కింది. తెలుక్ ఆన్సన్‌కు ఎగువన, నది పక్కనున్న ఆ రబ్బరు తోటలో కూలీలంతా ఇంచుమించు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు వాళ్ళే. ఆ సీమ మనుషులున్నచోట అప్పన్నలకు కరువా? లైను ఇళ్ళ మధ్య నిలబడి ఆ పేరు పెట్టి కేకేస్తే రెండు మూడిళ్ళకొకడు బయటికొచ్చేవాడు.

ఆ ఏడు రబ్బరు ధర పాతాళానికి దిగిపోయింది. చుట్టుపక్కల తోటలు మూతపడుతున్నాయి, కూలీలను ఓడలెక్కించి ఇండియాకు పంపేస్తున్నారు. ఒకనాడు తోట దొర రబ్బరు పాలు తూచే షెడ్డు ముందు అందరినీ నిలబెట్టి, ఈ తోట మూయను గాని ఉన్నవాళ్ళందరికీ ఉన్న కూలి ఇవ్వలేను, ఏం చెయ్యాలో మీరే చెప్పండి అన్నాడు. వినడానికి ఎంత పెద్దమనిషి మాట! కత్తి తాను నూరి ఇచ్చి, మెడ ఎవరిదో మీరే తేల్చుకోండి అన్నాడన్నమాట.

అప్పుడు ఇద్దరు లేచి మాట్లాడారు. రోగిష్టివాళ్ళనూ పని చెయ్యలేనివాళ్ళనూ ఓడెక్కిస్తే మిగతావాళ్ళ కూలి తగ్గకుండా ఉంటుందన్నాడు కన్నబాబు. కన్నబాబు చెడ్డవాడేమీ కాదు, అతనికి పాలు తాగే పిల్ల దగ్గర్నుంచి బోలెడు సంసారం. దేవుడమ్మ మొగుడు అప్పన్న మాత్రం అందరి కూలీ తెగ్గోయండి, గంజి తాగైనా ఉంటాం, ఒక్కరినీ పంపొద్దు అన్నాడు. రెండింట్లో ఏది కావాలో వచ్చే ఆదివారం ఓటు పెడతానన్నాడు దొర. పని పట్టీలో పేరున్న ఆడా మగా ఒక్కొక్కరే తోట గుమాస్తా, అదే కిరాణి, ముందుకొచ్చి చెప్పాలి. ఇంత పొడుగు సంగతి అందరి చేతా చెప్పించడం ఎందుకు, కన్నబాబు మాటో, అప్పన్న మాటో, పేరొక్కటి చెప్తే చాలదా అని కూలీల మీద పెత్తనం చేసే కంగాణి పైడయ్య తెలివి చూపించాడు. మగవాళ్ళంతా బాగుంది బాగుందన్నారు. ఆడవాళ్ళను ఒక్క మాట అడగాలని ఆ మహానుభావుల్లో ఒక్కడికీ తోచలేదు.

దేవుడమ్మకు ఒక చెల్లెలుంది, అచ్చమ్మ. ఇద్దరూ ఒకే ఓడలో మొగుళ్ళ వెంట వచ్చారు. అచ్చమ్మ మొగుడు కొత్త తోట కోసం చిత్తడి అడవి నరికేటప్పుడు జ్వరమొచ్చి పోయాడు. ఆమె కాలికి పుండు లేచి ఎన్ని మందులు రాసినా మానలేదు. చెట్ల మధ్య నడవలేక అక్క ఇంటిపట్టునే ఉండిపోయింది గనక పట్టీలోంచి ఆమె పేరు కొట్టేశారు. కన్నబాబు మాట నెగ్గితే మొట్టమొదట ఓడెక్కేది ఆమే. స్వదేశంలో ఆమెకు కన్నవాళ్ళు లేరు, అత్తవారు గడప తొక్కనివ్వరు. ఎవరి బతుకు గురించి ఓటో, ఆ మనిషికే ఓటు లేదు.

ఆ వారమంతా తోటలో ఇదే మాట. పాలు తీసేచోట, బట్టలుతికే రేవులో, పొయ్యి దగ్గర, అందరూ తూకం వేసుకున్నారు. పిల్లలున్నవాళ్ళు కన్నబాబు వైపు మొగ్గారు, ఇంట్లో మంచం పట్టినవాళ్ళున్నవాళ్ళు అప్పన్న వైపు. ఎటూ తేల్చుకోలేక రోజుకో మాట మార్చినవాళ్ళూ ఉన్నారు. దేవుడమ్మకు ఆ చిక్కు లేదు. ఏది కావాలో ఆమెకు తెలుసు, దాన్ని నోటితో అనడమే చేతకాదు. చెల్లెల్ని దక్కించుకోవాలంటే మొగుడి పేరు పలకాలి. మొగుడా, మొన్నటి వానల్లో చలిజ్వరం ముదిరి, కళ్ళు తేలేసి, చావు తప్పించుకున్నవాడు. ఇంకా దగ్గు పోలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఆ వారమే తెలిసింది.

పొరుగింటి రామలక్ష్మిని సలహా అడిగితే ఆమెదీ అదే గోస. ఆమె మామ పేరు కూడా అప్పన్నే, మామ పేరు పలికే కోడలు ఎక్కడైనా ఉంటుందా? సైగ చేస్తే కిరాణి పోల్చుకోడా అని ఇద్దరూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు.

శనివారం సాయంకాలం దేవుడమ్మ రబ్బరు పాల చిప్పలు కడుగుతుంటే అప్పన్న వచ్చి పక్కన కూచున్నాడు. పెళ్ళాం మనసు అతనికి తెలుసు.

"ఒక్కపాలి అనెయ్యే. నీ నోట ఇనాలని నాకూ ఉంది. నానేటి మట్టిబెడ్డనా, పేరంటే కరిగిపోడానికి?" అన్నాడు నవ్వుతూ.

దేవుడమ్మ తడిచేత్తోనే అతని నోరు మూసింది. "ఆ మాటనకు. నువ్వు నేకపోతే నానేటైపోతాను? సెల్లి మటుకు ఎవల దగ్గిర ఉంటాది?"

అచ్చమ్మ గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది. అప్పా, నాకోసం అనవే అని ఆమె ఒక్కసారి అడిగి ఉంటే దేవుడమ్మ అనేసేదేమో. ఆ పిచ్చిది చిన్నప్పటి నుంచీ అంతే, ఆకలేసినా అక్కను అన్నం అడిగేది కాదు. పడుకునే ముందు దేవుడమ్మ తనకు తానే నచ్చచెప్పుకుంది. ఇంతమంది ఉన్నారు, అంతా ఆయన మాటే అంటారు, తన ఒక్క నోరు లేకపోతే ఏం కొంపలు మునుగుతాయి అనుకుంది. ఆ రాత్రి చాలా ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళు సరిగ్గా ఇదే అనుకున్నారు.

ఆదివారం పొద్దున్నే షెడ్డు ముందు బల్ల వేశారు. చెప్పినవాళ్ళు మిగతావాళ్ళకు నేర్పకూడదని, మగవాళ్ళను ముందు పిలిచి, చెప్పినవాళ్ళను చెప్పినట్టే షెడ్డు వెనక్కి పంపేశారు. ఆ తరువాత ఆడవాళ్ళను పిలిచారు. రామలక్ష్మి వెళ్ళి, ఎంతో తటపటాయించి, చివరికి తను పలకగలిగిన పేరే పలికేసి ఏడ్చుకుంటూ షెడ్డు వెనక్కి పోయింది. ఆమె పలకగలిగింది కన్నబాబు పేరే.

దేవుడమ్మ వంతు వచ్చింది. ఎవరి మాట అని కిరాణి అడిగాడు.

"మా ఇంటోడి మాట," అంది.

ఇంటోడు అందరికీ ఉంటాడు, పేరు చెప్పమన్నాడు కిరాణి. వేలు పెట్టి చూపిద్దామంటే మనిషి ఎదురుగా లేడు. కొండసామి పేరే అంది. కిరాణికి కొండసామి అనే కూలీ ఎవడూ తెలియదు. వరసలో ఆమె వెనకనున్న కన్నమ్మ అందుకుని, అది ఆ రెండో మాట చెప్పినాయన పెళ్ళాం బాబూ, అని చెప్పబోతే నోరు మూసుకోమన్నాడు. పాపం అతను కసాయివాడేమీ కాదు, వాళ్ళ ఆచారం కొంత ఎరిగినవాడే. కానీ నోట వచ్చిన పేరే రాయమని దొర చెప్పాడు, సైగలు చూసి రాస్తే రేపు సొంతంగా రాసుకున్నావని తన ఉద్యోగానికే ఎసరొస్తుంది. ఆఖరిసారి అడుగుతున్నాను చెప్పమ్మా అన్నాడు, కాస్త మెత్తగానే.

దేవుడమ్మ కళ్ళు మూసుకుంది. అచ్చమ్మ ముఖం తలుచుకుంది. పెదవులు విడ్డాయి. "అ" అన్నంతవరకు వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే షెడ్డు వెనక నుంచి దగ్గు వినబడింది. అన్ని దగ్గుల్లోనూ ఆ దగ్గు ఆమెకు తెలుసు. నోరు టక్కున మూతపడింది, మరి తెరుచుకోలేదు. కిరాణి ఆమె పేరు మీద గీత కొట్టి, తరువాతి మనిషిని పిలిచాడు.

కన్నబాబు మాట నెగ్గింది. గొప్ప తేడాతో కాదు, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని గొంతుల తేడాతో. గీత కొట్టిన పేర్లు అంతకు రెండింతలున్నాయి. అప్పన్న దొర దగ్గరికి పరుగెత్తి, మా ఆడోళ్ళు మాట మింగేసినారు బాబూ, మళ్ళీ అడిగించండి అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఓటంటే ఒకసారే అన్నాడు దొర. కన్నబాబు కూడా తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు. ఇంటికొచ్చి అప్పన్న భార్యను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే, తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

నెల తిరిగేసరికి తెలుక్ ఆన్సన్ రేవులో పడవ సిద్ధంగా ఉంది. అది పినాంగు వరకు తీసుకుపోతుంది, అక్కడ పెద్ద ఓడ. పంపేసేవాళ్ళను వరసగా కూచోబెట్టారు, కుంటివాళ్ళు, దగ్గేవాళ్ళు, చూపు ఆననివాళ్ళు. అచ్చమ్మ కాలికి కొత్త గుడ్డ కట్టుకుని, చిన్న మూట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. దేవుడమ్మ ఆమె పాదాల దగ్గర కూలబడిపోయింది.

"నానే అననేదే సెల్లీ. నా నోరే నిన్ను పంపేస్తంది. ఆడికేటైనా ఐపోద్దని బయపడినాను."

అచ్చమ్మ అక్క ముఖం కొంగుతో తుడిచింది. ఏడవలేదు. ఏదో ఆలోచించి, నిందలా కాదు, తనకూ ఇంతవరకు తోచని సంగతి ఇప్పుడే తోచినట్టు మెల్లిగా అంది.

"మా ఆయన పేరు నానెప్పుడూ పలకనేదప్పా. ఒక్కపాలైనా అననేదు. అయినా సచ్చిపోనాడు కదా."

పడవ కూత వేసింది. అచ్చమ్మను ఇద్దరు రెక్కలు పట్టి ఎక్కించారు. పడవ నది మలుపు తిరిగేదాకా దేవుడమ్మ ఉన్నచోటి నుంచి కదల్లేదు. అప్పన్న వచ్చి, పద ఇంటికెల్దాం అని భుజం పట్టి లేపాడు. దగ్గు తగ్గి, కాస్త ఒళ్ళు కూడా చేసి, నిక్షేపంగా ఉన్నాడు. అతన్ని అలా నిక్షేపంగా చూసేసరికి ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది.