తొమ్మిదో మలుపులో కూత

జీడితోటలో జారిపడ్డాక స్వర్ణ కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. దానికి తోడు పాత ఇంజను చచ్చిపోతే, తుక్కుకి పోయిన కారులోంచి డీజిలు ఇంజను తెచ్చి, జనాన్ని ఎక్కించుకుని తిప్పే తన జీపులో దింపించింది. లాగుడు ఏనుగు లాగుడే గాని, ముందు బరువు పెరిగి స్టీరింగు మొండికేసింది. కొండమీది ఊరికి పదిహేడు మలుపులు. డ్రైవరుని పెట్టుకోమని ఊరంతా చెప్పింది. సలహాలకేం, అవి ఊరికే వస్తాయి. ఆ కొండెక్కి జీపు తోలిన మొదటి ఆడది తను. ఆ సీటు ఇంకొకరికిచ్చి పక్కన కూర్చోవడం ఆమె వల్ల కాదు.

గుమ్మలక్ష్మీపురంలో మెకానిక్ టైటస్ షెడ్డుకి జీపుని ఎలాగోలా తనే తోలుకొచ్చింది. "పవర్ స్టీరింగు పెట్టు."

ఆమెని అక్క వరసలో పిలిచే టైటస్ బానెట్ ఎత్తి తల గోక్కున్నాడు. "పెట్టొచ్చప్పా. గాని ఈ ఇంజన్లో స్టీరింగు పంపుకీ ఏసీకీ ఒకటే బెల్టు. ఏసీ నేకపోతే బెల్టు వదులైపోద్ది."

"కొండమీద ఏసీ ఏటిరా?"

"బెల్టు కోసమప్పా."

"అయితే రెండూ ఎయ్యి."

నాలుగు రోజులు పట్టింది. బ్రాకెట్టు కుదరక కోసి మళ్ళీ వెల్డింగు చేశారు. గొట్టం రెండుసార్లు కారి నూనె నేలపాలైంది. రెండోసారి టైటస్ పానా విసిరికొట్టాడు. స్వర్ణ దాన్ని ఏరుకొచ్చి ఎడంచేత్తో నట్టు బిగించడం మొదలెట్టింది. అతనికి సిగ్గేసి మళ్ళీ కిందకి దూరాడు.

అయిదో రోజు ఇద్దరూ కొండెక్కారు. స్టీరింగు వేలితో తిరుగుతోంది. "అద్దాలెత్తప్పా, ఏసీ కూడా సూద్దాం," అన్నాడు టైటస్. ఎనిమిది మలుపులు దాటేసరికి స్వర్ణ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చల్లగాలి తగులుతుంటే దొరసానిలా కూర్చుంది.

తొమ్మిదో మలుపు దగ్గర పక్క అద్దంలో చూస్తే, వాళ్ళ ఊరి ముసలి గంగ చోళ్ళ గింజల బుట్టతో పడుతూ లేస్తూ వెనకే పరిగెడుతోంది. స్వర్ణ బ్రేకు తొక్కింది. ఆ దారిలో బస్టాపులు లేవు. కొండ పొలంలోంచి ఎవరు కూత వేస్తే అక్కడే స్టాపు. పదకొండేళ్ళలో ఆమె ఒక్క కూతనీ తప్పిపోనివ్వలేదు.

గంగ వచ్చి తలుపు పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. "మూడు కూతలేసినాను గుంటా. సెయ్యొకటే పోయిందనుకున్నాం, సెవులు కూడా పోనాయేటి?"

స్వర్ణకి తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయిందత్తా, ఎక్కు," అని ఏసీ ఆపి, అద్దం పూర్తిగా దించింది. "టైటసూ, ఏసీ ఆపినా బెల్టు తిరుగుద్దా?"

"తిరుగుద్ది. స్టీరింగుకేటీ కాదు."

అతని జేబులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, తన తలుపుకి అద్దం ఎత్తే పిడిని ఊడదీసి అతని చేతిలో పెట్టింది. "ఇది నీ షెడ్డులో పడుండనీ. నేనడిగినా ఇవ్వకు."

పన్నెండో మలుపులో పైనుంచి కూత వినబడింది. స్వర్ణ కుడిచెయ్యి లేచినంత మేర కిటికీలోంచి చాపి, తిరుగు కూత వేసి, ఎడంచేత్తో జీపుని గట్టు వారకి తిప్పి ఆపింది.