చీపురుపుల్లంత సందు

తడిగుడ్డతో ఒక్కో దిమ్మనూ తుడిచి కిటికీ గట్టు మీద ఆరబెడుతోంది నాలుగో తరగతి టీచరు. పిల్లల చేతుల మురికి రోజూ తుడిచినా రోజూ ఉండేదే. అరచేతిలో ఇమిడే ఆ చదరపు కర్రదిమ్మలూ, అవి పట్టే మూతపెట్టె, రెండూ ఆవిడ తండ్రి చేసినవి. ఆయన వడ్రంగి. కూతురికి ఉద్యోగం వచ్చిన కొత్తలో, తలుపుల పనిలో మిగిలిన కర్రతో చేసిచ్చి, "ఎక్కడైనా సూది దూరుతుందేమో చూడవే" అని మీసం మీద చెయ్యేశాడు. పెట్టెలో పొడవునా ఐదు దిమ్మలు, అడ్డంగా నాలుగు, ఎత్తున మూడు. అన్నీ పేరిస్తే నిజంగానే సూది దూరేది కాదు.

ఆయన పోయాడు. పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. దాంతోనే ఆవిడ ఏటా వైశాల్యం, ఘనపరిమాణం చెబుతుంది, బడి అంతా ఆవిడని పెట్టె టీచరంటుంది. పై తరగతులకు వెళ్ళమని ఒకసారి పంపితే ఆరు నెలలు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని, బతిమాలుకుని మళ్ళీ ఈ గదికే వచ్చింది. ఇంట్లోనూ అదే వరస. పొద్దున రొట్టె కోస్తుంటే భర్త తల పక్కకు వంచి, "నాకు ముక్క పెడతావా, భిన్నం పెడతావా?" అన్నాడు. "మాట్లాడకుండా తింటే సగం, మాట్లాడితే పావు" అంది. ఆయన మాట్లాడాడు, సగమూ తిన్నాడు. తన బతుకు ఇలా సాగుతున్నందుకు ఆవిడకి సంతోషమే గాని ఏ లోటూ తోచదు.

పెద్దమాస్టారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"టీచరుగారూ, కొత్తపిల్ల వాళ్ళు ఇవాళే వెళ్ళిపోతున్నారట. వాళ్ళ నాన్న మధ్యాహ్నం కాగితాల కోసం వస్తాడు. లెక్కల్లో ఏం రాయమంటారు?"

కొత్తపిల్ల వచ్చి బడి ఏడాదిలో ముప్పావు వంతు అయినా ఆ పేరు పోలేదు. తండ్రి ఇళ్ళలో టైల్స్ పరిచే మేస్త్రి. ఒక ఊళ్ళో కట్టుబడి పూర్తయితే ఇంకో ఊరు. ఆ పిల్ల నోరు విప్పదు. పెట్టె ఇస్తే దిమ్మలు ఎడంఎడంగా పడేసి, పొడవు ఎంతంటే "నాలుగూ, ఇంకొంచెం" అంటుంది. ప్రతి పరీక్షలోనూ అదే తప్పు. టీచరు చెప్పి చెప్పి అలిసిపోయింది.

"తప్పిందని రాస్తే అక్కడ మళ్ళీ నాలుగో తరగతిలోనే కూర్చోబెడతారు. తప్పలేదని రాస్తే లెక్కలు అందక నానా తంటాలూ పడుతుంది. మీరెలా అంటే అలా" అన్నాడాయన.

ఇప్పటికే ఆ పిల్ల తనకన్నా చిన్నవాళ్ళ మధ్య కూర్చుంటోంది.

"మధ్యాహ్నం దాకా ఆగండి. ఇంకొక్కసారి చూస్తాను" అంది.

తిండి గంట కొట్టాక పిల్లలంతా బిలబిలమంటూ బయటికి పోయారు. టీచరు కొత్తపిల్లని పిలిచి, పెట్టె కింద పెట్టి, ఈసారి తనూ నేల మీదే చతికిలబడింది. ఇన్నాళ్ళూ బల్ల వెనక నుంచి జవాబు అడిగిందే గాని, ఆ పిల్ల పేర్చడం దగ్గర కూర్చుని చూసింది లేదు.

పిల్ల పెట్టె అడుగున ఒక చివర దిమ్మ పెట్టింది. జేబులోంచి చీపురుపుల్ల ముక్క తీసి దాని పక్కన నిలబెట్టింది. రెండో దిమ్మని దానికి ఆనించింది. మళ్ళీ పుల్ల. మళ్ళీ దిమ్మ. నాలుగు దిమ్మలయ్యాక ఒక కన్ను మూసి వరస చూసుకుని, పుల్లలన్నీ నెమ్మదిగా లాగేసింది.

"ఆ పుల్లలెందుకే?"

"సందు కోసం టీచర్."

"సందెందుకు?"

పిల్ల ఆవిడ వైపు జాలిగా చూసింది. "సందు లేకపోతే ఎండకి టైల్స్ ఉబ్బి పైకి లేస్తాయి కదా. సందులో తెల్ల సిమెంటు పెడతారు. సందు వదలకపోతే నాన్న మొత్తం పీకించేస్తాడు."

టీచరుకి ఆపుకోలేనంత నవ్వొచ్చింది. సూది దూరకూడదన్న తండ్రికి పుట్టింది తను. పుల్ల దూరాలన్న తండ్రికి పుట్టింది ఇది. ఇద్దరూ ఇన్ని నెలలూ ఒకే పెట్టె ముందు కూర్చుని ఒకరికొకరు అర్థం కాలేదు.

"చివర్న జాగా మిగిలిందిగా. అక్కడేం పెడతారు?"

"కోసి పెడతాం. ముప్పావు పడుతుంది."

టీచరు కొలబద్ద తెచ్చి కొలిచింది. సందు పోగా సరిగ్గా ముప్పావు దిమ్మే. మిగతా తరగతి ఇంకా ముప్పావుని పలక మీదే గుర్తుపట్టలేకపోతోంది. నాలుగూ ఇంకొంచెం అన్న మాటకి తను ఎన్నిసార్లు ఎర్రసిరాతో కొట్టేసిందో తలుచుకుంటే సిగ్గేసింది.

"ఇది నేల కాదు తల్లీ, పెట్టె. కర్ర కదా, సిమెంటు అక్కర్లేదు. సందు లేకుండా పెట్టి, మొత్తం ఎన్ని పడతాయో చెప్పు."

పిల్ల కాస్త మొహం చిట్లించింది, పని పాడుచేయమన్నట్టు. అయినా దిమ్మలు దగ్గరికి జరిపింది. పొడవున ఒక వరస, అడ్డంగా ఒక వరస, మూల మీద నిలువుగా ఒకటి. పెట్టె నింపనే లేదు.

"అరవై" అంది.

"ఎలా?"

"అడుగున ఇరవై. అలాంటివి ఒకదాని మీద ఒకటి మూడు పరుపులు."

టీచరు దాని తల నిమిరి, తిన్నగా పెద్దమాస్టారు గదికి నడిచింది. "ఐదో తరగతికి పంపమని రాయండి. లెక్కలు బాగా వచ్చని కూడా రాయండి. నేను సంతకం పెడతాను" అంది. ఆయన కళ్ళజోడు మీంచి చూసి, అలాగే రాశాడు.

మేస్త్రి వచ్చాడు. చేతుల మీద సిమెంటు ఇంకా ఆరలేదు. కాగితం అందుకుని, "మా పిల్ల మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందాండీ?" అన్నాడు.

"నేనే దాన్ని ఇబ్బంది పెట్టాను. చాలా శుభ్రంగా పని చేస్తుందండీ" అంది టీచరు. ఆయన సిగ్గుపడి తల గోక్కున్నాడు. "ఒక్క నిమిషం నాన్నా" అని పిల్ల గదిలోకి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చింది. బయట ఆటోలో సామానంతా కట్టేసి ఉంది. పిల్ల దాని మీదెక్కి కూర్చుని, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. టీచరూ ఊపింది.

సాయంత్రం గది తాళం వేయబోతూ పెట్టె మూత తీసింది. అడుగున ఒకే ఒక వరస పేర్చి ఉంది. నాలుగు దిమ్మలు, మధ్యమధ్య చీపురుపుల్లంత సందు. టీచరు వాటిని సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. వరస చివర మిగిలిన జాగాలో, అటూ ఇటూ కదలకుండా, కొలిచి కోసిన రబ్బరు ముక్క ఒకటి ఉంది. దాని ఒక పక్క పెన్సిలు చెరిపిన మసి ఇంకా అలాగే ఉంది.