వరుసలో అడ్డాకు

ఫిర్యాదు రాలేదంటే బాధ లేనట్టేనని మీకు ఎవరు చెప్పారు? ఫోన్ చేసి తిట్టేవాడికి ముందు దారి వదిలి, నోరెత్తనివాణ్ణి వెనక్కి నెట్టడాన్ని మనం ఎప్పటినుంచి తెలివి అంటున్నాం? జవాబు తర్వాత చెబుదురు. ముందు సరళ సంగతి వినండి.

2008 వానాకాలం. పాల్వంచ బస్టాండు వెనక మేడ మీద ఒక గది ఉండేది. మండలాఫీసులు, దవాఖానాలు, అడవి అంచు పల్లెల్లో పెట్టిన కంప్యూటర్లు, వీటన్నిటి లైన్లూ ఆ గదిలోని ఇనుప బీరువాలోకి వచ్చి కలిసేవి. సరళ పొద్దున్నే వచ్చి, టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టి, రౌటర్ల మీద వెలిగే లైట్లు చూసి, ఎక్కడ లైన్ తెగిందో అక్కడికి ఫోన్ చేసేది. రోజూ అదే పని.

బీరువా ముందు గచ్చు మీద చెప్పులు ఉండేవి. ఎక్కడినుంచైనా బయల్దేరిన సమాచారం దారి ఖాళీ లేక ఆగిందంటే, పంపినవాళ్ళ చెప్పులు అక్కడికి వచ్చి వరుసలో నిలబడేవి. దారి దొరకగానే మాయమయ్యేవి. అశ్వారావుపేట చెప్పులకు పామాయిల్ జిడ్డు ఉండేది. కరెంటు కంపెనీ కాలనీ చెప్పులకు బూడిద ఉండేది. కొత్తవాళ్ళెవరైనా గదిలోకొస్తే అటెండర్ దూలయ్య "చెప్పులు తొక్కకుండ నడువుండ్రి" అనేవాడు. అంతకుమించి చెప్పడానికి ఏముంది?

సరళకైతే ఇది అసలు కొత్తే కాదు. ఆమె పుట్టింది తిరుమలాయపాలెం దగ్గరి తండాలో. యూరియా లారీ వచ్చేరోజు ఆమె నాయిన రెడ్యా, సొసైటీ ముందు చెప్పులు వరుసలో విడిచి నీడకి పోయేవాడు. చిన్నప్పుడు వాటికి కాపలా ఆమే. చెప్పులు లేనివాళ్ళు ఒక ఆకు పరిచి దాని మీద రాయి పెట్టేవాళ్ళు. ఆ ఆకునైనా సరే, ఎవరూ జరిపేవాళ్ళు కాదు. జరిపితే కొట్లాటే.

పాల్వంచ గదికి ఇప్పలగుంపు నుంచి ఆకే వచ్చేది. విస్తర్లు కుట్టే వెడల్పాటి అడ్డాకు, తడి ఆరనిది. వాగవతల అడవిలో ఉన్న ఆ పల్లెలో ఫోన్ సిగ్నల్ లేదు. ఆరోగ్య కార్యకర్త జంపక్క, సోలార్ పలకతో నడిచే కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వేళ్ళతో చిట్టీ కొట్టి దవాఖానాకి పంపేది. ఆమె చెప్పులు వేసుకునే మనిషి కాదు.

ప్రతి శుక్రవారం పెద్దాఫీసర్లు తెర మీద కనబడి మండలాలతో మాట్లాడేవాళ్ళు. ఒక శుక్రవారం బొమ్మ ఆగిపోయింది. ఇన్‌చార్జి రవీందర్ ఫోన్ చెవి నుంచి దూరంగా పట్టుకుని గదిలోకి వచ్చాడు.

"సరళా, సార్ మొహం ముక్కలు ముక్కలుగ వస్తుందంట. నోరొకదిక్కు, మాటొకదిక్కు."

"లైన్ చిన్నగుంది సార్. అందరు ఒక్కసారే పడితె గట్లనే ఉంటది."

"అందర్ని ఎందుకు పడనిస్తున్నవ్? ఇదేమన్న జాతరా?"

సరళ రౌటర్‌లో కొత్త నియమాలు రాయడానికి కూర్చుంది. వచ్చే సమాచారాన్ని మూడు తరగతులు చేసింది. మొదటిది వీడియో, అది రాగానే మిగిలినవన్నీ పక్కకి తప్పుకోవాలి. రెండోది ఆఫీసులు. మూడోదానికి పేరేం పెట్టాలో తోచక 'మిగతావి' అని పెట్టింది. ఆ మూడోదానికి ఒక హద్దు కట్టాలి, సెకనుకి ఇంతకంటే ఎక్కువ పోకూడదని.

"మిగతావాట్ల ఎవర్ని వెయ్యాలె సార్?"

"పోయిన నెల లైన్ బాగలేదని ఎవరెవరు ఫోన్ చేసిండ్రో చూడు. చెయ్యనోళ్ళను అండ్ల పడెయ్. అంత అవసరముంటె చెయ్యకుంటరా?"

ఇప్పలగుంపులో ఫోనే లేదని సరళకి తెలుసు. కాలేజీలో మైకు దొరికితే వదలని పిల్ల, ఆ పూట ఆ ఒక్క ముక్క అనలేదు. ఇప్పలగుంపు పేరు మూడో తరగతిలో కొట్టింది. అదే లైన్ మీద అడవి చెక్‌పోస్టు నుంచి కలప లారీల ఫోటోలు వస్తాయనీ, ఆ ఫోటోలే హద్దునంతా మింగేస్తాయనీ కూడా తెలుసు.

ఇంకొకటి తేల్చాలి. హద్దు దాటినవాటిని ఆపి ఉంచడమా, పారేయడమా? ఆపి ఉంచితే చెప్పులు గది నిండుతాయి. అప్పటికే బురద వాసన, పైగా ఆ వారం తనిఖీకి పెద్దవాళ్ళు వస్తున్నారు. సరళ 'పారేయి' అని పెట్టింది. గది శుభ్రంగా కనబడాలని. ఇంకే కారణమూ లేదు.

ఆ రోజునుంచి మూడో తరగతి చెప్పులు వచ్చినట్టే వచ్చి, వెనక్కి తిరిగి పోయేవి. వాటి యజమానుల్లో నోరున్నవాళ్ళు ఎక్కడినుంచో ఫోన్ చేసి అరిచి రెండో తరగతికి ఎక్కారు. ఆకు మాత్రం తిరిగిపోయేది కాదు. ఫ్యాను గాలికి లేచి గది మూలన పడేది. దూలయ్య ఆ ఆకుల్ని ఏరి దాచాడు.

"లేతగున్నయ్ మేడం. పారబోసుడెందుకు? విస్తర్లు కుట్టిన."

తనిఖీ రోజున అందరూ ఆ విస్తర్లలోనే పులిహోర, పెరుగన్నం తిన్నారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. గది అద్దంలా ఉందని మెచ్చుకున్నారు. సరళ కూడా కడుపునిండా తిని విస్తరి మడిచింది.

వాన తెరిపిచ్చాక ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఒకామె నిలబడింది. మోకాళ్ళ దాకా ఎర్రమన్ను.

"ఇప్పలగుంపు నుంచి వచ్చిన బిడ్డా, జంపక్కను. మా చిట్టీలన్ని ఈడికెల్లే పోతయట గద?"

"అవ్ అక్కా. లోపలికి రా."

"కాళ్ళకు బురదుంది. ఈడనే ఉంట." ఆమె గడప పక్కన కూలబడింది. "మా జోగమ్మ కొడుక్కు జరమొచ్చింది. జీపును వాగొడ్డుకు పంపుమని రాసిన. జాబు రాలే. మల్ల రాసిన. పిలగాడు వణుకుతుంటె ఇంకోసారి రాసిన. నా రాత మంచిగలేదా, మీ పెట్టెనే ఖరాబయిందా, అడిగిపోదామని వచ్చిన."

"పిలగాడు ఎట్లున్నడక్కా?"

"వాగు తగ్గినంక ఎత్తుకపోయినం. తొవ్వలనే పోయిండు."

బీరువాలో ఫ్యాన్లు గుయ్‌మంటున్నాయి. సరళ నోటికి ముందు అబద్ధమే వచ్చింది. "పెట్టె ఖరాబయిందక్కా. నీ రాత మంచిగనే ఉంది."

"గట్లనా." జంపక్క నమ్మింది. "జోగమ్మకు మల్ల నెలలు నిండుతున్నయ్. ఈసారన్న మంచిగ చూడు బిడ్డా. నా తప్పుంటె చెప్పు, నేర్చుకుంట."

ఇంత దూరం వచ్చిన మనిషిని ఉత్తగా పంపడం ఇష్టంలేక దూలయ్య ఆమె ముందు విస్తరి వేసి, తన డబ్బాలో అన్నం పెట్టాడు. జంపక్క విస్తరిని వేలితో తడిమి చూసింది.

"మా గుట్ట మీది ఆకే ఇది. ఈడిదాంక వస్తదా?"

తినడం అయ్యాక ఆకు పారేయలేదు. కడిగి, కొంగున కట్టుకుని పోయింది. ఆ ఆకుల్లో ఏది పిల్లవాడి కోసం వచ్చిందో, తను ఏ ఆకు మీద పెరుగన్నం కలుపుకుందో సరళకి తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కంచంలోకి దిగలేదు.

తెల్లారి నియమాలన్నీ తిరగరాసింది. దవాఖానా చిట్టీలు మొదటి తరగతి, ఆ తర్వాతే వీడియో. 'పారేయి' అన్నచోట 'ఆపి ఉంచు' అని రాసింది. గంట తిరక్కముందే రవీందర్ కనిపెట్టాడు.

"ఎవర్నడిగి మార్చినవ్?"

"పిలగాడు సచ్చిపోయిండు సార్."

రవీందర్ కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చున్నాడు. "నేనేం రాయి కాదు సరళా. కానీ శుక్రవారం బొమ్మ ఆగిందనుకో, నా నౌకరి పోతది. నాకంటె ముందు నీది పోతది." పాత నియమాలు మళ్ళీ పెట్టి, పాస్‌వర్డ్ మార్చేశాడు.

శుక్రవారం వచ్చింది. పొద్దుటినుంచి ఒకటే ముసురు. తెర మీద పెద్దసారు మాట్లాడుతున్నారు. బీరువా ముందు పెద్దాఫీసర్ల నల్లటి పాలిష్ బూట్లు జత వెనక జత వస్తూ, క్షణమైనా నిలవకుండా లోపలికి పోతున్నాయి. వాటి చివర, గోడవారగా, ఒక అడ్డాకు వచ్చి వాలింది. వాన నీటితో మెరుస్తోంది. అప్పుడే దాని అంచు గాలికి లేస్తోంది.

జోగమ్మ నొప్పుల్లో ఉందని సరళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతిలో పాస్‌వర్డ్ లేదు. దూలయ్య చీపురు పట్టుకుని ఆమె మొహమే చూస్తున్నాడు.

సరళ తన చెప్పులు విడిచింది. నీలం పట్టీల హవాయి చెప్పులు, ఎడమదానికి తెగినచోట పిన్నీసు. వాటిని తీసుకుపోయి బూట్లన్నిటికంటే ముందు పెట్టి, లేచిపోతున్న ఆకును పట్టుకుని వాటి మీద పరిచింది.

బూట్లు ఆగాయి.

తెర మీద పెద్దసారు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయారు. ఫోన్లు మోగడం మొదలైంది. రవీందర్ పరిగెత్తుకొచ్చి, చెప్పుల్ని చూసి, తన్నడానికి కాలెత్తాడు. ఆ కాలు అట్లాగే దించాడు. అతనిదీ యూరియా కోసం నిలబడిన ఇల్లే.

"ఎవరియి?"

"నాయే సార్."

"నీకేం పని వరుసల?"

"ఆమెకు చెప్పులు లేవు సార్."

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. రవీందర్ ఒక్కటీ ఎత్తలేదు. నీలం చెప్పులు, వాటి మీది ఆకు, కళ్ళ ముందే సన్నగా చెరిగి మాయమయ్యాయి. తర్వాత బూట్లు కదిలాయి. పెద్దసారు తెరిచిన నోటితోనే మాట అందుకున్నారు.

"సోమవారం నుంచి రాకు," అన్నాడు రవీందర్, ఆమె మొహం చూడకుండా. సరళ డబ్బా తీసుకుని, వానలో వట్టికాళ్ళతో ఇంటికి నడిచింది.

కొన్నాళ్ళకి బస్టాండులో దూలయ్య కలిశాడు.

"జీపు అందిందట బిడ్డా. ఆడపిల్ల. తల్లీపిల్ల ఇద్దరు మంచిగున్నరు."

సరళ తల ఊపింది.

"ఇంకో ముచ్చట. ఇప్పలగుంపు నుంచి ఇప్పుడు ఆకు వస్తలేదు. నీ చెప్పులే వస్తున్నయ్. పిన్నీసు చూసి గుర్తు పట్టిన. ఆనాడు జంపక్క గడప కాడ తేలినయట. చిట్టీ కొట్టేటప్పుడు అవి ఏసుకుంటదట. రవీందర్ సార్ నియమాలు గట్లనే ఉన్నయ్ గాని, ఆ జతను మాత్రం మిషిన్ గూడ పారేస్తలేదు." దూలయ్య ఆమె కాళ్ళకేసి చూసి నవ్వాడు. "నువ్వింక కొత్తయి కొనుక్కోలేదా?"

"కొంట లే తాతా."

ఒక బిడ్డ బతికింది కాబట్టి లెక్క సరిపోయిందని నాతో వాదించకండి. జోగమ్మ కొడుకు కోసం వచ్చిన ఆకు మీదే సరళ అన్నం తిని ఉండొచ్చు. చిన్నపిల్ల ఏడుపు ఆ అన్నాన్ని కడుపులోంచి తీసెయ్యదు. ఈ సంగతి సరళకి తెలుసు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో విస్తరి వేస్తే లేచి అవతలికి పోతుంది.

మీకూ ఎక్కడో ఒక వరుస ఉంటుంది. మీరు ఆఫీసులో ఉండొచ్చు, పంచాయతీలో ఉండొచ్చు, దవాఖానా కిటికీ లోపల కూర్చుని ఉండొచ్చు. ఈ రోజే లేచి, మీకు ఒక్క ఫిర్యాదూ రాని పల్లె ఏదో చూడండి. బస్సెక్కి అక్కడికి పోయి, ఎందుకు రాలేదో అడగండి. పోయేముందు మీ గది మూలన ఆకులేమైనా ఉంటే, ఊడ్చకండి. ఎవరి వంతో కనుక్కోండి.