సర్జన్ వచ్చేదాకా

ఆరేళ్ళ కిందట, జూన్ పదకొండు పొద్దున, నర్సూ ఆయన భార్యా తిన్నది చెరో ఉడికిన గుడ్డు. ఆమె సగం తిని, "కడుపులో మెలిపెడుతోంది" అంటూ పళ్ళెం జరిపేసింది. ఆయన ఆ తేదీని అంతవరకే తలుచుకుంటాడు. మిగతాది గుర్తొస్తే లేచి ఏదో ఒక పని అందుకుంటాడు.

ఎమర్జెన్సీ వార్డులో పనికేం కొదవ? ఈ మధ్యాహ్నం ఆయన ట్రేలో దూది సర్దుతుండగా ఒక లారీ డ్రైవరును మోసుకొచ్చి మూలగదిలో పడుకోబెట్టారు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మంచం కమ్మీ పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఏదో ఒక సూది వెయ్యన్నా, చూడలేకపోతున్నా," అంది అతని భార్య.

"సర్జన్ గారు పొట్ట చూసేదాకా ఆగాలమ్మా. ముందే నొప్పి తగ్గిస్తే రోగం దాక్కుంటుంది."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే మాట. అందుకే వార్డులో ఆయన పేరు 'ఆగండి మాస్టారు'.

"చావొచ్చినా ఆగమనేట్టున్నారే!" అంది ఊడుస్తున్న ఆయమ్మ.

కొత్తగా చేరిన డాక్టరమ్మ లోపలికొచ్చింది. "ఎందుకండీ ఆపారు? పారాసెటమాల్ సీసా ఎక్కించండి."

"పొట్ట పరీక్షకి అడ్డొస్తుందేమో మేడమ్..."

"ఏం రాదండీ. నొప్పి తగ్గితే పొట్ట వదులై ఇంకా బాగా తెలుస్తుంది. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది."

సీసా తగిలించాడు. చుక్క చుక్కగా మందు దిగింది. కాసేపటికి డ్రైవరు వేళ్ళు ఒక్కొక్కటే కమ్మీని వదిలాయి.

"మీది చల్లని చెయ్యన్నా," అంటూ డ్రైవరు భార్య కళ్ళొత్తుకుంది.

నర్సు వరండాలో డాక్టరమ్మను అందుకున్నాడు. "ఎప్పుడో అంటే... ఎన్నేళ్ళయి ఉంటుంది మేడమ్?"

నాలుగు అంటే చాలు, అనుకున్నాడు. ఐదన్నా ఫరవాలేదు.

"నేను చదివేటప్పటికే లేదండీ. పదిహేనేళ్ళ మాట. ఎందుకూ?"

"ఏం లేదమ్మా."

ఆనాడూ ఇదే వార్డు. సర్జన్ ఒంటిగంటకు గాని రాలేదు. ఐదు గంటలు భార్య చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. మందుల బీరువా నాలుగడుగుల దూరంలో, దాని తాళంచెవి ఆయన జేబులో. "నువ్వూ ఆగమంటావేంటయ్యా?" అని ఒక్కసారి అడిగింది. మళ్ళీ అడగలేదు. ఆపరేషన్ బల్ల మీదే పోయింది. తను చెయ్యాల్సిందే చేశానన్న ఒక్క మాట పట్టుకుని ఆయన ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు.

పొద్దువాలాక సర్జన్ వచ్చి, డ్రైవరు పొట్ట నొక్కి, అర నిమిషంలో రోగం చెప్పేశాడు. డ్రైవరును ఆపరేషన్‌కి తీసుకెళ్ళాక మంచం ఖాళీ అయింది. నర్సు దుప్పటి సవరించి, ఆ రాత్రికి మూలగది తలుపు చప్పుడు కాకుండా మూశాడు. లోపల స్టాండుకు సీసా అలాగే వేలాడుతోంది, అడుగున రెండు చుక్కల మందుతో.