చెవిలోని కూతకు కాపలా

మావారు ఫ్రిజ్జు వెనక రేకు విప్పుతుంటే మా అత్తగారు కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు.

"చల్లగానే ఉందిగదరా, దానికేం రోగం?"

"కూత పెడుతోందమ్మా. సన్నగా, ఆగకుండా."

"నాకేం వినపడటం లేదే! చెవుడు నాకా, నీకా?"

అప్పటికే పంకాలు విప్పడం అయింది, గోడ గడియారంలో బ్యాటరీ తీసెయ్యడం అయింది. ఆయన ఊరి నీటి సరఫరా కేంద్రంలో మెకానిక్కు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను తిరుగుతున్న మోటారుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే చాలు, లోపల ఏ బేరింగ్ అరగబోతోందో చెప్పేస్తారు. కారణం లేని చప్పుడు ఉండదన్నది ఆయన నమ్మకం. కూత వినిపిస్తోందంటే ఇంట్లో ఏదో ఒక యంత్రానిదే అయి ఉండాలి.

చివరికి మెయిన్ స్విచ్ ఆపేసి, నిశ్శబ్దంగా ఉన్న హాలు మధ్యలో నిలబడ్డారు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నారు.

"ఇంట్లో కాదు, నాలో ఉంది" అన్నారు.

డాక్టరు చెవులు చూసి, ప్రమాదమేమీ లేదు, అలవాటు చేసుకోండి అన్నాడు. "అలవాటు పడటానికి అదేమన్నా కొత్త కోడలా?" అన్నారు అత్తగారు, నా వైపు చూస్తూ. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు.

ఊడిన పన్ను సందులోకి నాలుక మాటిమాటికీ వెళ్ళినట్టు, ఆయన ధ్యాస ఆ కూత దగ్గరికే వెళ్ళేది. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి, తల కాస్త పక్కకు వంచేవారు. ఉందా అని చూసుకోవడం అన్నమాట. ఎప్పుడు చూసినా ఉండేది. చూసినకొద్దీ పెద్దదయ్యేది.

ఒకరోజు వచ్చి, మోటార్ల దగ్గర ఇంక పనిచెయ్యనని సూపర్‌వైజరుతో చెప్పేశానన్నారు. "స్టోరు గదిలో బోల్టులు అందించే పని ఇమ్మన్నాను. నా కూతేదో, మోటారు కూతేదో తెలియని వాణ్ణి అక్కడ పెట్టుకుంటే ఊరికి నీళ్ళు ఆగిపోతాయి."

సోమవారం లోపల ఆలోచించుకుని చెప్పమన్నాడట సూపర్‌వైజరు. ఇంట్లో చెంచా కింద పడితే ఏ చెంచానో చెప్పే మనిషి! బోల్టుల మధ్య ఆయన్ని ఊహించుకోలేక, శుక్రవారం వినికిడి పరీక్షలు చేసే చోటికి బయలుదేరదీశాను.

పరీక్ష చేసే అమ్మాయికి మా చెల్లెలి వయసుంటుంది. మందపాటి తలుపున్న చిన్న గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, రకరకాల కూతలు వినిపించింది. "ఇంకా సన్నగా... కాదు, కొంచెం కిందికి" అని చెబుతూ చెబుతూ ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఇదే! ఇదేనమ్మా!"

తర్వాత దాని జోరు సరిచూసింది. లోపలిదీ బయటిదీ సరిసమానంగా ఉన్నాయని ఆయన తల ఊపగానే, తలుపు తీసి నన్ను పిలిచింది.

"మీరూ వింటారా? ఇంత సన్నటి కూతల దగ్గర ఆయన చెవి కొద్దిగా మందగించింది కాబట్టి మీకు కాస్త గట్టిగానే వినిపిస్తుంది."

కళ్ళు గట్టిగా మూసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ మా ఇంటిని అల్లాడించిన చప్పుడు వినబోతున్నాను.

ముందు ఏమీ వినపడలేదు. ఊపిరి బిగబట్టాక వినిపించింది. పక్కింట్లో పొయ్యి మీద మరగబోయే నీళ్ళ కూత లాంటిది. అంతే. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటే ఆ చప్పుడులో అది కలిసిపోయింది.

కళ్ళు తెరిచేసరికి ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. "ఇంతేనా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"నమ్ముతావా ఇప్పుడు?" అన్నారు.

"ఉందండీ. విన్నాను" అన్నాను.

ఆయన భుజాలు కిందికి దిగాయి. ఎన్నాళ్ళుగా అలా బిగబట్టుకుని ఉన్నారో!

"ఇంత చిన్నది అంత పెద్దగా ఎలా అయిందమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "మీ పనిలో కొత్త చప్పుడు వినిపిస్తే ఏమిటి అర్థం?"

"ఏదో విరగబోతోందని. వదిలేస్తే కొంప మునుగుతుందని."

"మీ మెదడుకు ఆ పాఠం బాగా వంటబట్టింది. చెవిలో కొత్త చప్పుడు వచ్చింది, అపాయం అనుకుంది, కాపలా పెట్టింది. కాపలావాడు నిద్రపోడు, మిమ్మల్నీ పోనివ్వడు. అది కూడా చప్పుడే గానీ, అది ఏ ముప్పు గురించీ చెప్పడం లేదు. ఆ సంగతి మెదడు నెమ్మదిగా నేర్చుకోవాలి. నేర్పడానికి పద్ధతులున్నాయి, వస్తూ ఉండండి. కూత పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను." తర్వాత నన్ను అడిగింది: "బయట గదిలో పంకా చప్పుడు చేస్తోంది, విన్నారా?"

లేదు, వినలేదు. ఆమె అడిగిన క్షణంలో కిర్రు కిర్రుమంటూ తలుపు సందులోంచి మొదలైంది. మొదలవడమేమిటి, వచ్చినప్పటి నుంచీ తిరుగుతూనే ఉంది! ఇంతసేపూ నా తలలో ఎవరో నా అనుమతి లేకుండా దాన్ని ఆపి ఉంచారు. ఎవరది? ఆ ఎవరో ఒకరు నాకు పంకాను మాయం చేసి, ఆయనకు మరిగే నీళ్ళ కూతను ఊరంత చేశారు. నా తలను నేనే తాకి చూసుకున్నాను, పరాయి ఇంటి గోడను తాకినట్టు.

సోమవారం ఆయన ఏం నిర్ణయించుకున్నదీ చెప్పకుండానే పనికి వెళ్ళారు. క్యారియరు కావాలనే మరిచిపోయారో, నిజంగా మరిచిపోయారో. నేనే తీసుకెళ్ళాను.

మోటార్ల గది నేల నా అరికాళ్ళ కింద వణుకుతోంది. ఆయన స్టోరులో లేరు. వరసలో చివరి మోటారు మీదికి వంగి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. లేచి నన్ను చూశారు.

"లోపలి బేరింగ్ అరుగుతోంది. ఇంకెవరికీ పట్టుబడలేదు."

"మరి మీ కూత?" అని అరిచాను, ఆ రొదలో వినపడాలి కదా.

ఆయన తల కాస్త పక్కకు వంచారు.

"ఉంది. ఇంతసేపూ లేదు, నువ్వు అడిగావు, వచ్చింది!" నా నోటివల్లే వచ్చిందన్నట్టు విసుక్కుని, అంతలోనే నవ్వేశారు. "ఉండనీలే. ఇటురా."

స్క్రూడ్రైవర్ పిడిని నా చెవికి ఆనించారు. ఊరందరి నీళ్ళూ నా తలలోంచి పారాయి. ఆ హోరులో అరుగుతున్నదేదో నాకు తెలియలేదు. ఆయన అప్పటికే రెంచి కోసం చెయ్యి చాపుతున్నారు.